140 పేజీల గిల్డు చరిత్రలో నా పేరు లేదు

ప్రశ్న: మాది తిరుపతి, బైరాగిపట్టెడ. నేను ఒక ప్రైవేటు పాఠశాలలో లెక్కలు చెబుతాను. మావారు ఎం.సి.ఎ. చదివే రోజుల్లో, 2008లో, వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆటలో ఒక ఐరోపా గిల్డులో, అంటే ఎప్పుడూ కలిసి ఆడే ఆటగాళ్ళ జట్టులో, చేరారు. 2011లో మా పెళ్లయింది. 2013 నుంచి ఆ గిల్డుకు ఆయనే నాయకుడు. వారానికి మూడు రాత్రులు తెల్లవారుజాము దాకా హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చునేవారు. ఇప్పుడు ఆట దాదాపు మానేశారు, గిల్డులో ఏడెనిమిది మందే మిగిలారు. కానీ ఏడాదిగా ఆ గిల్డు ఇరవై ఏళ్ళ చరిత్ర రాస్తున్నారు. పాత స్క్రీన్‌షాట్లు, చాట్లు పోగేసి 140 పేజీలు రాసి, జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్ చేయించి తెచ్చారు. నేను మొత్తం చదివాను. 2012 అధ్యాయంలో ఒక రాత్రి గురించి "తెల్లవారే దాకా ఒక్కరూ లేచి వెళ్ళలేదు" అని గర్వంగా రాసుకున్నారు. ఆ రాత్రి నెలల పిల్లవాడికి జ్వరం ఎక్కువై నేను గది తలుపు తడితే "ఒక్క పది నిమిషాలు" అన్నారు. మా మరిదిని లేపి ఆటోలో ఆసుపత్రికి వెళ్ళాను. ఫిన్లాండులో ఎవరో పెంచుకునే పిల్లి పేరు కూడా ఆ పుస్తకంలో ఉంది, నా పేరు మాత్రం లేదు. ఇది జబ్బా? మా అత్తగారు ఇదంతా జూదమే, కొత్త చట్టం కింద పోలీసులు వస్తారని భయపడుతున్నారు. పదమూడేళ్ళ మా అబ్బాయి తానూ ఆ గిల్డులో చేరతానంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీ అత్తగారి భయం తీర్చడం సులువు కనుక ముందు ఆ సంగతి చెబుతాను. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నిషేధించినది డబ్బు ఒడ్డి, డబ్బు గెలవాలన్న ఆశతో ఆడే ఆటలను. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను 2020లోనే నిషేధించారు. మీవారి ఆటలా చందా కట్టి ఆడే ఆటలు, ఆ చందా పందెం కానంతవరకు, ఈ నిషేధం కిందికి రావని ఆ చట్టమే వేరు చేసి చెప్పింది. ఆమెను నిశ్చింతగా ఉండమనండి.

ఇక జబ్బు మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమలులోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో గేమింగ్ డిజార్డర్ అనే రుగ్మత ఉంది. ఆట మీద అదుపు తప్పడం, మిగిలిన పనులన్నిటికంటే ఆటే ముఖ్యం కావడం, నష్టం కళ్ళకు కనబడుతున్నా ఆపలేకపోవడం, ఇవన్నీ సాధారణంగా ఏడాది పాటు కొనసాగి, చదువునో ఉద్యోగాన్నో కుటుంబాన్నో గట్టిగా దెబ్బతీసినప్పుడే వైద్యులు ఆ పేరు పెడతారు. ఆట దాదాపు మానేసి, రాత్రుళ్ళు కూర్చుని రాసుకుంటున్న మనిషికి ఈ రోజు ఆ పేరు అతకదు. 2012 ప్రాంతంలో అతికేదా అన్నది ఒక ఉత్తరం చదివి తేల్చగలిగిన విషయం కాదు. ఇన్నేళ్ళ తరువాత ఆ రోజులకు ఒక జబ్బు పేరు తగిలించడం వల్ల, నిజం చెప్పాలంటే, మీకు ఒరిగేదేమీ లేదు. పైగా "అది జబ్బు, నా చేతిలో లేదు" అని తప్పుకునే దారి ఆయనకు మీరే చూపినట్లవుతుంది.

ఆయన అన్నేళ్ళు ఏమి చేశారో కాస్త వివరంగా తెలుసుకుంటే మీ కోపం ఎక్కడ గురిపెట్టాలో తెలుస్తుంది. 2004 చివరలో వచ్చిన ఆ ఆటలో తొలి రోజుల్లో నలభై మంది ఒకేసారి చేరితేగాని పెద్ద రెయిడ్లు, అంటే బలమైన శత్రువుల మీద జట్టుగా చేసే దాడులు, సాగేవి కావు. దెబ్బలు కాచుకునేవారు, గాయాలు మాన్పేవారు, శత్రువును కొట్టేవారు అని పనులు పంచుకుంటారు. నడుమ ఒక్కరు లేచి వెళ్ళినా ఆటలో అందరూ చచ్చి మళ్ళీ మొదటికి రావలసి రావచ్చు, దాన్ని వారు వైప్ అంటారు. మన జిల్లా ఊళ్ళలో ద్రౌపదమ్మ గుడి దగ్గర పద్దెనిమిది రోజులు భారతం ఆడే నాటక బృందాన్ని తలచుకుంటే ఈ కట్టుబాటు మీకు సులువుగా అందుతుంది: భీముడి వేషధారి నడిరాత్రి ఇంటికి పోతానంటే దుర్యోధన వధ జరగదు. ఆ వేషధారుల ఇళ్ళలో ఆ పద్దెనిమిది రాత్రులు ఎవరు మేల్కొని ఉంటారో మాత్రం ఎవరూ అడగరు. పైగా ఐరోపాలో చాలా దేశాలకు రాత్రి ఎనిమిది అంటే చలికాలంలో మనకు అర్ధరాత్రి పన్నెండున్నర. వారు భోజనం ముగించి మూడు గంటలు ఆడుకుని పడుకుంటే, మీ ఇంట్లో తెల్లవారుజామున మూడున్నర అవుతుంది. ఆ గిల్డు ఎవరి నిద్ర మీద నడిచిందో ఈ లెక్కే చెబుతుంది.

చరిత్ర రాయడం మాత్రం పిచ్చి కాదు. 1996లో ఏర్పడిన ది సిండికేట్ అనే గిల్డు అల్టిమా ఆన్‌లైన్, ఎవర్‌క్వెస్ట్ వంటి ఆటలలో దశాబ్దాలు నిలిచి, తన చరిత్రను పుస్తకంగానే వెలువరించింది. ఇంత చిన్న విషయానికి పుస్తకమా అనిపించవచ్చు గాని, సర్వరు మూతపడితే గుర్తులేవీ మిగలని చోట ఇరవై ఏళ్ళు కలిసి గడిపినవారు కాగితం మీద ఏదైనా మిగలాలనుకోవడం సహజమే. నార్వేలో మాట్స్ స్టీన్ అనే యువకుడు కండరాలు క్షీణించే వ్యాధితో 2014లో, ఇరవై అయిదేళ్ళకే, చనిపోయాడు. స్నేహితులు లేని ఒంటరి బతుకు బతికాడనుకున్న తల్లిదండ్రులకు ఈ ఆటలోని అతని గిల్డు మిత్రుల సందేశాలు వచ్చాకగాని అతనికి ఎందరు ఆప్తులున్నారో తెలియలేదు; వారిలో కొందరు అంత్యక్రియలకు కూడా వచ్చారు. కనుక ఆ ఫిన్లాండు స్నేహితుడు, అతని పిల్లి కూడా మీవారికి నిజమైనవారే. దాన్ని కాదనకండి. కాదంటే ఆయన గిల్డును వెనకేసుకు రావడానికే సమయమంతా పోతుంది, మీ మాట మిగిలిపోతుంది.

మీ మాట ఏమిటో మీరే చాలా స్పష్టంగా రాశారు. మీకు కష్టం కలిగించింది ఆట కాదు. పదేళ్ళకు పైగా ఆ ఆట సాగడానికి ఇంట్లో ఒక మనిషి చేసిన చాకిరీ, అది రాసిన మనిషికే కనబడకపోవడం. గిల్డులలో ఎవరైనా రాలేకపోతే కూర్చోబెట్టడానికి ఇద్దరు ముగ్గురిని అదనంగా సిద్ధంగా ఉంచుకోవడం మామూలే, దాన్ని బెంచ్ అంటారు. ఆ రాత్రి మీవారి స్థానంలో కూర్చోవడానికి అక్కడ ఎవరైనా ఉండే ఉంటారు. ఇంట్లో మాత్రం తండ్రి స్థానంలో మీ మరిది కూర్చోవలసి వచ్చింది. "ఒక్కరూ లేచి వెళ్ళలేదు" అన్న వాక్యం చరిత్రగా కూడా తప్పే. లేవవలసిన ఒకరు లేవలేదు అన్నది అందులో రావలసిన విషయం.

దీన్ని ఎలా మాట్లాడాలి అంటే, ఆయన పుస్తకంతోనే మొదలుపెట్టండి. 2007 జనవరిలో ఆ ఆట కొత్త విస్తరణలో, అంటే అదనంగా చేర్చిన భాగంలో, పెద్ద రెయిడ్లను నలభై మంది నుంచి ఇరవై అయిదుకు తగ్గించింది, ఆ మార్పుతో ఎన్నో గిల్డులు చీలిపోయాయి. ఇరవై ఏళ్ళ గిల్డు కనుక మీవారి పుస్తకంలోనూ ఆ అధ్యాయం ఉండాలి. ఆయన అప్పటికి చేరలేదు, అంటే పాతవారిని వెతికి, అడిగి రాసి ఉంటారు; చోటు దక్కక మిగిలిపోయిన ఆ పదిహేను మంది ఎవరో, వారికి ఎవరూ ఎందుకు చెప్పలేదో అన్నది ఆయన పట్టించుకునే ఉంటారు. ఆ పేజీలు తెరిచి ముందు పెట్టి, మీ 2012 రాత్రి చెప్పండి. ఎన్నడూ చూడని మనుషులు మిగిలిపోయిన బాధను అంత ఓపికగా రాసినవారికి, పక్క గదిలో మిగిలిపోయిన మనిషి సంగతి చెబితే అర్థం కాకుండా పోదు. ఆరోపణల జాబితా చదవకండి. అధ్యాయం పక్కన ఖాళీ అంచులో ఆ కాలంలో ఇంట్లో జరిగినవి పెన్సిలుతో రాసి, ఆ ప్రతినే ఆయన చేతికివ్వండి. చదవడానికి వ్యవధి ఇవ్వండి, ఆ రాత్రే జవాబు అడగవద్దు.

ఒక జాగ్రత్త. చివరి పేజీలో "నా శ్రీమతికి కృతజ్ఞతలు" అని ఒక వాక్యం చేర్చి ముగిద్దామని ఆయన అనవచ్చు. ఒప్పుకోకండి. మీకు కావలసినది ఆ 2012 అధ్యాయం మారడం, ఆ రాత్రి మీరు ఆటోలో వెళ్ళిన సంగతి ఆయన చేతిరాతలో ఉండడం. గిల్డు మిత్రులు అది చదివితే ఆయనకు చిన్నతనం కావచ్చు, కానివ్వండి. అన్నట్లు, ఇతరుల జబ్బులూ విడాకులూ అందులో రాసి ఉంటే, పంచే ముందు వారి అనుమతి తీసుకోమని కూడా గుర్తుచేయండి.

గిల్డు ముగింపు దశలో ఉంది కనుక నాయకత్వం మరొకరికి అప్పగించమని అడగడంలో తప్పు లేదు. అప్పగించే వీడియో సమావేశం ఆదివారం మన రాత్రి ఎనిమిదింటికి పెట్టమనండి. వారికి చలికాలంలో అది మధ్యాహ్నం మూడున్నర. ఒక్కసారి వారు తమ వేళ మార్చుకోనివ్వండి. మీరూ ఆ సమావేశంలో కాసేపు కూర్చోండి. అది ముగిశాక ఆయన ముభావంగా ఉండి, వారాల తరబడి నిద్ర, తిండి తగ్గితే మాత్రం తేలికగా తీసుకోవద్దు: ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416 నంబరులో తెలుగులో మాట్లాడవచ్చు, రుయా ఆసుపత్రిలో మానసిక వైద్యులను కలవవచ్చు.

అబ్బాయి విషయంలో నాది గట్టి అభిప్రాయం. పాఠశాల జరిగే నెలల్లో ఐరోపా వేళల గిల్డు వద్దు. వేసవి సెలవుల్లో, పగటిపూట, హాల్లో, హెడ్‌ఫోన్ లేకుండా, నాన్న పక్కన కూర్చుని ఆడవచ్చు. ఆట సమయాన్నీ వాయిస్ చాట్‌నూ తల్లిదండ్రులు అదుపు చేసే ఏర్పాటు ఆ ఆట ఖాతాలోనే ఉంది. దాని పాస్‌వర్డ్ మీ దగ్గర ఉంచుకోండి, మీవారి దగ్గర కాదు.