డ్యూకుగారి కుక్కలు, దొరగారి కొలువు

ప్రశ్న: మాస్టారూ, ఓటీటీలో పాతకాలపు యూరప్ కథ ఒకటి చూశాను. అందులో బోలెడు భూములున్న దొర ఒకాయన, ఆ ప్రాంతాన్ని ఏలే ప్రభువు డ్యూకుగారి వేటకుక్కల మీద అధికారి. అంత ఉన్నవాడికి కుక్కల పనేమిటి? కల్పనేనా?
– ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: కల్పన కాదమ్మా. ఆ కొలువు కోసం దొరలు పోటీపడేవారు. కుక్కలకు తిండి పెట్టేది, సాల కడిగేది జీతగాళ్లు. దొరగారిది పైపెత్తనం. వేట రోజున డ్యూకు పక్కనే గుర్రం మీద ఉండొచ్చు, అదీ అసలు లాభం. దర్బారులో నెలల తరబడి అర్జీ పట్టుకుని నిలబడ్డవాడికి చిక్కని ప్రభువు, అడవిలో ఈయనకు పొద్దస్తమానం చిక్కేవాడు.

మా తాతగారిది కరణీకం. లెక్కలన్నీ గుమాస్తా రాసేవాడు, తాతగారు సంతకం పెట్టి భోజనానికి లేచేవారు. ఊరు దండం పెట్టింది మాత్రం ఈయనకే. మన దగ్గర ఆ వంశపారంపర్యం 1984లో పోయింది. అక్కడి డచీల్లోనూ, అంటే డ్యూకులు ఏలే ప్రాంతాల్లోనూ, ఇలాంటి పదవులు చాలావరకు తండ్రి నుంచి కొడుక్కి వచ్చేవి, వాటికి అంటిపెట్టుకుని భూములో రాబడో ఉండేవి.

హోదా మోజు డ్యూకులకూ తక్కువేం కాదు. ఇప్పటి ఆస్ట్రియాలో ఉన్న కారింథియా డ్యూకు, తానే జర్మన్ చక్రవర్తిగారి వేట అధికారినని చెప్పుకునేవాడు. కాదు, అది నాదని మైసెన్ ప్రభువు!

కొన్నిచోట్ల అధికారం కూడా గట్టిదే. బ్రస్సెల్స్ పక్కన బ్వాఫోర్ అనే చోట బ్రబాంత్ డ్యూకుల వేట విడిది, కుక్కల సాలలు ఉండేవి. దొంగవేట కేసులు తేల్చడానికి వేటవాళ్లకు సొంత న్యాయస్థానమే ఉండేది, దాని పేరులో వేటబూర ఉంటుంది.

వేటకు వాడే డేగల లెక్క ఇంకా ఘనం. 1396లో నికోపోలిస్ యుద్ధంలో బర్గండీ డ్యూకు కొడుకు తురుష్క సుల్తానుకు పట్టుబడ్డాడు. విడిపించుకునే బేరంలో పన్నెండు తెల్లడేగలు వెళ్లాయని చెబుతారు. రాజుగారి కొలువు ముచ్చట కూడా ఒకటి చెప్పనివ్వండి. ఫ్రాన్సులో పదమూడో లూయీకి చిన్నప్పుడు వేటపక్షుల్ని మచ్చిక చేసి చూపించిన షార్ల్ దాల్బేర్ 1619కల్లా తానే డ్యూకయ్యాడు. పిట్టలతో మొదలుపెట్టి!

ప్రశ్న: మాస్టారూ, మా లంకచేలో పందులు పడి చెరకు తొక్కేస్తుంటే రాత్రిళ్లు టెన్షన్‌తో నిద్ర పట్టదు. ఆ డ్యూకుల అడవుల పక్కన రైతులు ఎలా బతికేవారు?
– ఒక పాఠకుడు, కొత్తపేట

జవాబు: చేతులు కట్టుకుని బతికేవారు బాబూ. ఆ పంది డ్యూకుది. పంట తినేస్తున్నా రైతు దాన్ని చంపకూడదు. పైగా వేట రోజున జంతువుల్ని తోలడానికి వెట్టికి పోవాలి. వేటకుక్కల్ని మేపే భారం మఠాల మీద, తిరగలి మిల్లులవాళ్ల మీద వేసేవారు.

జర్మన్ దేశంలో వుర్టెంబర్గ్ డ్యూకు ఉల్రిచ్ అని ఒకడు. దారి తప్పి అడవిలో తుపాకీతోనో విల్లుతోనో కనిపిస్తే కళ్లు పీకిస్తానని 1517లో శాసనం చేశాడు. అంతకు రెండేళ్ల ముందు, 1515లో, తన అశ్వశాల అధికారి హాన్స్ ఫాన్ హుటెన్‌ను బోబ్లింగెన్ అడవిలో తానే చంపాడు. ప్రభువు పక్కన తిరగడం లాభమే అన్నాను కదా, ప్రమాదం కూడా.

1525లో జర్మన్ రైతులు తిరగబడి మెమ్మింగెన్‌లో పన్నెండు కోరికలు రాశారు. నాలుగోది ఇదే: వేటజంతువును, పక్షిని, పారే నీళ్లలో చేపను పట్టుకునే హక్కు మాకెందుకు లేదు, మా పంట జంతువులు తినేస్తుంటే నోరు మూసుకోవాలా, అని. కాలవలో గాలం వేయడానికి కూడా దొర సెలవు కావాలంటే మన డెల్టాలో ఏమయ్యేదో ఊహించుకోండి. ఆ తిరుగుబాటును రక్తపాతంతో అణిచేశారు. రైతు పొలంలో దొరలు వేటాడే హక్కు జర్మనీలో 1848 విప్లవం దాకా నిలబడింది.

మీ పందుల మీద అర్జీ అటవీశాఖకు పెట్టండి, నాకు కాదు.