ఆ బత్తాయిల సంచి మీరు మోయకండి

దేవరకొండ దగ్గరి పల్లె నుంచి ఒక తల్లి రాశారు. 27 ఏళ్ల కొడుకుకు మాదాపూర్‌లో ఉద్యోగం, అమీర్‌పేటలో హాస్టల్. ఏడాదిగా శనివారం సాయంత్రాలు సికింద్రాబాద్‌లో యవ్వనస్తుల కూడికకు, అంటే క్రైస్తవ యువతీయువకుల ప్రార్థన సమావేశానికి, పోతున్నాడు. ఆదివారం ఊరి చర్చికి రావడం తగ్గింది, సంపాదనలో దేవునికని తీసే పదోవంతు, దశమభాగం కూడా ఆ కూడికలోనే ఇస్తున్నాడు. "కొడుకు చేతికి అందకుండ పోతున్నడు. ఆ కూడిక మాన్పించే దారి చెప్పండి. వాళ్ల పాస్టరు గారికి ఉత్తరం రాయమంటరా?" అని అడిగారు.

అమ్మా, రాయొద్దు. మాన్పించొద్దు కూడా.

మీరు రాసినదాన్ని బట్టే చెప్తున్నాను. ఆరింటికి మొదలై ఎనిమిదిన్నరకు ముగిసే కూడిక అది. పాటలు, వాక్యం, చిన్న గుంపులుగా కూర్చుని ఒకరికోసం ఒకరు ప్రార్థన, ఆ తర్వాత అందరూ కలిసి భోజనం. సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో ఎక్కితే నేరుగా అమీర్‌పేటలో దిగుతాడు. పోయిన వానాకాలం డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు రెండు రాత్రులు ఆస్పత్రి వరండాలో కాపలా ఉన్నది ఆ కూడిక పిల్లలేనని మీరే రాశారు. ఇంటివాళ్లతో సంబంధం తెంచుకోమన్నా, జీతమంతా తెచ్చిమ్మన్నా, ఫలానా పిల్లను చేసుకోమని దేవుడు చూపించాడని ప్రవచనం చెప్పినా, డాక్టరు ఇచ్చిన మందులు మానేయమన్నా, మొదటి బస్సెక్కి వెళ్లమని నేనే అనేదాన్ని. వాటిలో ఒక్కటీ మీ ఉత్తరంలో లేదు.

దశమభాగం సంగతి వేరు. ఊరి సంఘానికి లోటవుతుందన్న మీ బాధ నిజమైనదే. దేవరకొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు మన ఎం.బి. (మెన్నొనైట్ బ్రదరన్) సంఘాలు వందేళ్లు దాటినవి, కూలికి పోయే ఆడవాళ్లు పిడికెడు బియ్యం తీసిపెట్టి నిలబెట్టినవి. పిల్లలు చదువుకుని పట్నం చేరాక ఆదివారం చాపల మీద పెద్దవాళ్లే మిగులుతున్నారు. ఆ దిగులు నాకూ ఉంది. అయినా అది అతని కష్టార్జితం, ఎక్కడ ఇస్తాడో అతని ఇష్టం.

అసలు విషయం మీరు మూడో పేజీ అడుగున ఒక్క వరుసలో రాసి వదిలేశారు. "క్రిస్మస్ కాడికెల్లి తండ్రీకొడుకులకు మాటల్లేవు."

డిసెంబరులో మీవాడు ఆ కూడికలో సాక్ష్యం చెప్పాడు, తన బతుకు సంగతి అందరి ముందు చెప్పుకున్నాడు. ఏడో తరగతిలో ఉండగా ఒక రాత్రి నాన్న తాగొచ్చి పుస్తకాల సంచి వాకిట్లోకి విసిరేశాడని, వానలో నానిన సాంఘికశాస్త్రం పుస్తకాన్ని ఒక్కో పేజీ విడదీసి పొయ్యి పక్కన ఆరబెట్టుకున్నానని చెప్పాడు. మీ అక్క కొడుకు దాన్ని ఫోన్లో తీసి చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. తొమ్మిదేళ్లుగా చుక్క ముట్టని మనిషి, ప్రతి ఆదివారం సంఘం ముందు నిలబడి కానుకల లెక్క చదివే పెద్దమనిషి, ఆ మాటలు ఇంకొకరి ఫోన్లో విన్నారు. "నా పరువు తీసిండు" అన్నారు. పండక్కి వచ్చిన కొడుకు ముందు నుంచే లేచి వెళ్లిపోయారు.

ఆ తర్వాత మీరేం చేశారో కూడా రాశారు. "నన్ను క్షమించమని నాన్నకు చెప్పు" అని కొడుకు ఫోన్ చేస్తే, మీ ఆయనకు "వానికి సెలవు దొరకలేదంట" అని చెప్పారు. కొడుకు "నాన్నకియ్యి" అంటే "పడుకున్నడు బిడ్డా" అన్నారు. గొడవ పెరగకూడదనే చేశారు, తెలుసు. కానీ నాలుగు నెలలుగా కొడుకు క్షమాపణ అడిగిన సంగతి తండ్రికి తెలియదు. అది మీ దగ్గరే ఆగిపోయింది.

మా ఇంట్లో నేను ఇదే చూశాను. మా నాన్న మంచాన పడేనాటికి మా అన్నతో ఆయనకు ఆరేళ్లుగా మాటల్లేవు. ఇటు మాట అటు, అటు మాట ఇటు మా అమ్మే మోసేది. చివరి వారం అన్న గుమ్మం దాకా వచ్చి నిలబడి, "ఏమన్న తిన్నడేమో అడుగమ్మా" అన్నాడు. మంచం రెండడుగుల దూరంలో ఉంది. నాన్న కళ్లు తెరిచే ఉన్నాయి. మా అమ్మ ఆయన చెవి దగ్గర వంగి అడిగింది. ఆ దృశ్యం నన్ను ఈ వయసులోనూ వదల్లేదు. అందుకే మీకు ఇంత గట్టిగా చెప్తున్నాను.

అబ్బాయి తప్పు లేదనను. బాధపడ్డది తనే కాబట్టి చెప్పుకునే హక్కు ఉంది. అయితే తండ్రి మారి తొమ్మిదేళ్లయింది, ఆ మాట కూడా అదే నోటితో చెప్పవలసింది. చెప్పేముందు తండ్రి చెవిన వేయవలసింది. ఎవరికైనా గట్టిగా చెప్పాలనిపిస్తే మీ అక్క కొడుక్కి చెప్పండి. ప్రార్థనలో ఒకరు ఏడుస్తూ చెప్పుకున్నది ఫోన్లో తీసి పంచిపెట్టడం పాపం, ఆ మాట అతనితో మొహం మీదే అనండి.

కానీ ముందు కదలవలసింది మీ ఆయనే. పెద్దవారు కాబట్టి, విసిరింది ఆయన చెయ్యి కాబట్టి. ఆయనకు వాక్యం నేర్పేంతదాన్ని కాను. బైబిల్లో ఎఫెసీ పత్రిక 6వ అధ్యాయంలో తల్లిదండ్రులను సన్మానించమన్న 2వ వచనం ఆయనకు కంఠతా వచ్చే ఉంటుంది. 4వ వచనం తండ్రులకు రాసినది, పిల్లలకు కోపం రేపవద్దని. ఈ రాత్రి అన్నం తిన్నాక బైబిలు తెరిచి ఆ పేజీ ఆయన ముందు పెట్టండి. "ఆ రాత్రి నేను ఇంట్లోనే ఉన్న. వాడు చెప్పింది నిజం. నువ్వు మారినవ్, అదీ నిజమే. వాడు క్షమించమన్నడు, నేనే నీకు చెప్పలే" అనండి. ఈ నాలుగు మాటలూ మీరు బాకీ ఉన్నారు. వాటి తర్వాత ఇక ఎవరి మాటా మోయొద్దు. కొడుకు ఫోన్ చేసి నాన్నను అడిగితే ఫోన్ ఆయన పక్కన పెట్టి దొడ్లోకి వెళ్లిపోండి.

పోయిన నెల ఆయన తోటలో బత్తాయిలు కోసి, మచ్చలేనివి ఏరి సంచి కట్టి, "పట్నం పోయేటోళ్లుంటే పంపు" అని మీ ముందు పెట్టారని రాశారు. ఎవరికో చెప్పలేదు, మీరూ అడగలేదు. ఈసారి సంచి పెడితే ముట్టుకోకండి. దేవరకొండలో పొద్దున్నే బస్సెక్కితే మధ్యాహ్నానికి ఎం.జి.బి.ఎస్.లో దిగుతారు, అక్కడి నుంచి అమీర్‌పేటకు ఒకటే మెట్రో. హాస్టల్ అడ్రసు కాగితం మీద రాసి ఆయన జేబులో పెట్టండి. మీరు వెంట వెళ్లొద్దు, అబ్బాయికి ముందుగా ఫోన్ చేయొద్దు. శనివారమైతే సాయంత్రం కూడికకు రమ్మని కొడుకు అడుగుతాడేమో. వెళ్లేదీ లేనిదీ వాళ్లిద్దరూ మాట్లాడుకుంటారు.