టోన్‌లాడర్‌లోని ‘టోన్’కి ‘చూపించడం’తో చుట్టరికం లేదు

సంగీతంలో స్కేల్‌ని, అంటే స్వరాల వరుసని, డచ్ భాషలో టోన్‌లాడర్ అంటారు. అదే భాషలో టోన్‌బాంక్ అంటే దుకాణంలో సరుకు చూపించే బల్ల కాబట్టి, టోన్‌లాడర్ అంటే ‘స్వరాలను చూపించే నిచ్చెన’ అవుతుందా అని అడిగారు. కాదండీ. డచ్‌లో రెండు వేర్వేరు ‘టోన్’లు ఉన్నాయి. టోన్‌బాంక్‌లో ఉన్నది ‘చూపించు’ అనే క్రియ, టోనెన్. టోన్‌లాడర్‌లో ఉన్నది స్వరం అనే నామవాచకం. చిక్కెక్కడంటే, ఈ నామవాచకానికి బహువచనం కూడా టోనెన్ అనే రాస్తారు, పలకడమూ అంతే. మీరు పొరబడింది అక్కడే.

స్వరం అనే టోన్ గ్రీకు ‘టోనోస్’ నుంచి లాటిన్, ఫ్రెంచిల మీదుగా వచ్చింది. టోనోస్ అంటే బిగింపు, లాగి కట్టడం. తీగ ఎంత బిగిస్తే శ్రుతి అంత పెరుగుతుంది కదా! సంస్కృతంలో ‘సాగదీయు’ అనే అర్థమున్న ‘తన్’ ధాతువు దీనికి దాయాదే. మన వీణ తంతి, రాగం తానం అందులోంచి పుట్టినవే. ఎంత చక్కటి బంధుత్వం!

లాడర్ అచ్చమైన జర్మానిక్ (డచ్, ఇంగ్లిష్, జర్మన్‌లు చేరే భాషాకుటుంబం) మాట, నిచ్చెన. ఇంగ్లిష్ నుంచి తెచ్చుకున్నది కాదు, ఇంగ్లిష్ ల్యాడర్‌కి తోబుట్టువు. జర్మన్‌లోనూ స్కేల్‌ని టోన్‌లైటర్, అంటే స్వరనిచ్చెన అనే అంటారు. ఇటాలియన్ స్కాలా అన్నా మెట్లు, నిచ్చెనే.

సందేహం వస్తే ‘టోన్’ స్థానంలో ‘స్వరం’ పెట్టి చూడండి. టోన్‌హోఖ్టె స్వరం ఎత్తు, అంటే శ్రుతి, అర్థం కుదిరింది. టోన్‌జాల్‌లో కుదరదు, అది సరుకు ప్రదర్శించే హాలు. రాసేటప్పుడు టోన్‌లాడర్‌ని విడగొట్టకండి, ఒకే పదం.