పుండు చుట్టూ మూగిన కణాలు

ప్రశ్న: డాక్టర్‌గారూ, మావారికి 51 ఏళ్లు. ఎరువుల షాపు నడుపుతారు. మూడు నెలలుగా ఆకలేస్తే చాలు కడుపులో మంట. రాత్రి రెండింటికి లేచి నాలుగు బిస్కెట్లు తింటే గానీ మళ్లీ నిద్ర పట్టదు. ఎండోస్కోపీ చేసి చిన్నపేగు మొదట్లో పుండు ఉందన్నారు. కడుపు లోపలి పొర నుంచి ముక్క తీసి పరీక్షకు పంపితే ‘క్రానిక్ యాక్టివ్ గ్యాస్ట్రైటిస్, హెచ్. పైలోరి పాజిటివ్’ అని వచ్చింది. కింద లింఫోసైట్లు, ప్లాస్మా కణాలు అంటూ ఏవేవో రాశారు. ఎమ్మెస్సీ చదివే మా అమ్మాయి ఆ రిపోర్టు చూసి, ‘ఈ కణాలు హార్మోన్లు కూడా తయారు చేస్తాయమ్మా’ అంది. మా అత్తగారేమో ఇదంతా షాపు అప్పుల టెన్షన్ అంటారు. హార్మోన్ పరీక్షలన్నీ చేయించాలా? మోకాళ్ల నొప్పికి ఆయన వేసుకునే మాత్రలు ఆపాలా?
– ఒక సోదరి, నరసరావుపేట

జవాబు: హార్మోన్ పరీక్షలు వద్దమ్మా. మోకాళ్ల మాత్రలు మాత్రం ఈరోజే ఆపించి, బదులుగా ఏం వాడాలో మీ డాక్టర్ని అడగండి; అలాంటి నొప్పి మాత్రలు పుండును రేపగలవు. (గుండె కోసం ఆస్పిరిన్ వాడుతుంటే దాన్ని మీ అంతట మీరు ఆపకండి, అది వేరే లెక్క.) అసలు సంగతి ముందే చెప్పేశాను కాబట్టి ఇక మీ అమ్మాయి మాటకు తీరిగ్గా వస్తాను. ఆ పిల్ల చెప్పింది నిజం. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ కళ్ల ముందు పెట్టుకుని కూడా చూడని నిజం.

నేను పాథాలజిస్టుని. మా దగ్గరికి మనిషి రాడు, మనిషిలోంచి తీసిన ముక్క వస్తుంది. ఎండోస్కోపీలో తీసేది రెండు మూడు మిల్లీమీటర్లు, బియ్యపు గింజలో సగం. దాన్ని మైనంలో పోసి, పల్చటి పొరలుగా కోసి, రంగులు అద్ది చూస్తాం. కేంద్రకాలు నీలంగా, మిగతాదంతా గులాబీగా కనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కడుపు పొరలో గ్రంథులు వరసగా నిలబడి ఉంటాయి, మధ్య ఖాళీల్లో రక్షణ కణాలు అక్కడొకటి ఇక్కడొకటి. హెచ్. పైలోరి అనే బ్యాక్టీరియా చేరిన కడుపులో ఆ ఖాళీలు కిటకిటలాడతాయి. గుండ్రటి చిన్న లింఫోసైట్లు, కేంద్రకంలో గడియారం అంకెలు దిద్దినట్టుండే ప్లాస్మా కణాలు, వాటి నడుమ న్యూట్రోఫిల్స్. టోల్యూడిన్ బ్లూ అనే నీలిరంగు వేస్తే మాస్ట్ కణాలనే ఇంకో రకం రక్షణ కణాలు మాత్రం ఊదారంగుకు తిరుగుతాయి. ఆ రంగు మారడం చూడటం నాకు ఎప్పుడూ సరదాయే.

ఇంత చూసి నేను రాసేది ఒక్క వాక్యం: ‘దీర్ఘకాలిక వాపు కణాలు ఉన్నాయి.’ పెళ్లికొచ్చిన జనాన్ని తలలు లెక్కపెట్టి వచ్చేసినట్టు. వాళ్లు ఎవరు, ఏం మాట్లాడుకుంటున్నారు అని అడిగిందే లేదు. 1979లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్ అనే మా వృత్తివాడే, అందరూ చూసి పక్కన పెట్టేసే అలాంటి స్లైడ్లలోనే వంకర బ్యాక్టీరియాను గమనించాడు. తర్వాత బ్యారీ మార్షల్‌తో కలిసి దాన్ని అల్సర్‌కు ముడిపెట్టాడు. ఇద్దరికీ 2005లో నోబెల్ ఇచ్చారు. ఆయన పేరు వచ్చినప్పుడల్లా నాకు కొంచెం సిగ్గేస్తుంది.

మాకు చదువులో చెప్పిన హార్మోన్ కథ వేరు. ఒక గ్రంథి తయారు చేస్తుంది, రక్తం మోసుకెళ్తుంది, దూరాన ఉన్న అవయవం మాట వింటుంది. 1905లో లండన్‌లో ఎర్నెస్ట్ స్టార్లింగ్ హార్మోన్ అనే మాటను వాడుకలోకి తెచ్చినప్పటి లెక్క ఇదే. అదే ఏడు ఎడ్కిన్స్ అనే ఆయన కడుపులోనే గ్యాస్ట్రిన్ అనే హార్మోన్ ఉందన్నాడు. గ్యాస్ట్రిన్ ఆమ్లాన్ని ఊరిస్తుంది. దాన్ని అదుపు చేసేది సొమాటోస్టాటిన్. ఒకటి యాక్సిలరేటర్, ఇంకోటి బ్రేకు.

1980ల మొదట్లో అమెరికాలోని టెక్సస్‌లో స్మిత్, బ్లాలాక్ అనే ఇద్దరు ఒక వింత చూశారు. వైరస్ తగిలించిన లింఫోసైట్లు, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి చేయాల్సిన ఏసీటీహెచ్ అనే హార్మోన్ లాంటి పదార్థాన్ని చేస్తున్నాయి! నొప్పి తగ్గించే ఎండార్ఫిన్ లాంటిది కూడా. చాలామంది నమ్మలేదు. నేనైతే ఆ సంగతి పదేళ్ల తర్వాత గానీ వినలేదు. ఇప్పుడు ఆ జాబితా పెద్దదే. ఆకలి హార్మోన్ గ్రెలిన్‌ను టీ లింఫోసైట్లు కూడా చేస్తాయి. వాపు ఉన్నచోట చేరిన కణాలు బీటా ఎండార్ఫిన్ వదిలి అక్కడి నొప్పిని తగ్గిస్తాయని ఎలుకల పాదాల మీద చూపించారు.

‘ఎక్స్‌ప్రెషన్’ అన్న మాట మీ అమ్మాయి వాడే ఉంటుంది. అన్ని కణాల్లోనూ ఉండేది దాదాపు ఒకే వంటల పుస్తకం. ఏ కణం ఏ పేజీ తెరిచి వండుతోంది అన్నదే ఎక్స్‌ప్రెషన్. పుండు దగ్గరికి చేరాక లింఫోసైట్, మాస్ట్ కణం తెరిచే పేజీలు మారతాయి. అయితే హార్మోన్‌ను పట్టిచూపే రంగు వేసినప్పుడు మా స్లైడ్ మీద కణం గోధుమరంగుకు తిరిగి ‘హార్మోన్ ఉంది’ అన్నంత మాత్రాన అది అక్కడే వండిందని నమ్మకూడదు, పక్కింటి నుంచి తెచ్చుకున్నదీ కావచ్చు. ఆ పేజీకి కణం రాసుకున్న నకలు, అంటే ఆర్‌ఎన్‌ఏ కూడా చూస్తేనే వంట అక్కడ జరిగిందని తేలుతుంది. పైగా ఈ కణాలు చేసేది చాలా కొంచెం. గ్రంథి ఊరంతటికీ మైకులో చెప్తే, ఇవి గోడ మీది నుంచి పక్కింటావిడకు చెప్తాయి. రక్తపరీక్షకు ఆ మాట అందదు. హార్మోన్ పరీక్షలు వద్దన్నది అందుకే.

ఇక మీవారి కడుపు. బ్యాక్టీరియా రాగానే ఈ కణాలు చేరి టీఎన్‌ఎఫ్ లాంటి వాపు పదార్థాలు వదులుతాయి. ఆ గొడవలో సొమాటోస్టాటిన్ తగ్గుతుంది, అంటే బ్రేకు వదులవుతుంది. గ్యాస్ట్రిన్ పెరుగుతుంది, ఆమ్లం పొంగి చిన్నపేగులోకి దిగుతుంది, పుండు అక్కడ పడుతుంది. బ్యాక్టీరియాను చంపేస్తే గ్యాస్ట్రిన్ దిగివస్తుంది. ఈ బ్యాక్టీరియా సంగతి తెలియని రోజుల్లో ఆమ్లం తగ్గించే మాత్రలతో పుండు మానినా, మందు ఆపిన ఏడాది తిరక్కుండా చాలామందికి మళ్లీ వచ్చేది. బ్యాక్టీరియానూ, దాని చుట్టూ మూగిన జనాన్నీ మేం ముట్టుకోలేదు మరి.

మీ అత్తగారి మాటనూ కొట్టిపారేయను. 1936లో మాంట్రియల్‌లో హాన్స్ సెల్యే ఎలుకలను చలికి, గాయాలకు, మందులకు గురిచేసి చూస్తే, ఏది చేసినా మూడే కనిపించాయి: అడ్రినల్ గ్రంథులు ఉబ్బడం, రక్షణ కణాలు పెరిగే థైమస్ కుంచించుకుపోవడం, కడుపులో పుండ్లు. హార్మోను, రక్షణ కణం, కడుపు ఒకే వరసలో నిలబడ్డాయి. 1995 జనవరిలో జపాన్‌లోని కోబె భూకంపం తర్వాత రక్తం కారే అల్సర్లు పెరిగాయి, ముఖ్యంగా పెద్దవాళ్లలో. అయితే వాళ్లలో ఎక్కువమందికి హెచ్. పైలోరి అప్పటికే ఉంది. ఇంకో చిత్రం వినండి. టెన్షన్ పడ్డప్పుడు మెదడు వదిలే సీఆర్‌హెచ్ అనే హార్మోన్, అడ్రినల్ గ్రంథుల హార్మోన్ అయిన కార్టిసాల్‌ను పెంచి చివరికి వాపును తగ్గిస్తుంది. అదే సీఆర్‌హెచ్ వాపు ఉన్నచోట తయారైతే వాపును ఎగదోస్తుంది! అప్పులు తీరితే మంచిదే, కానీ వాటి కోసం ఆగకుండా మందులు మొదలుపెట్టండి.

ఆమ్లం తగ్గించే మాత్ర, యాంటీబయాటిక్స్ కలిపి సాధారణంగా 14 రోజులు. అయిదో రోజుకు మంట పోతుంది, అప్పుడే మగవాళ్లు మందులు అటకెక్కిస్తారు. కోర్సు అయిన నాలుగు వారాల తర్వాత ఊపిరి పరీక్ష గానీ మల పరీక్ష గానీ చేయించి బ్యాక్టీరియా పోయిందో లేదో చూడాలి. ఆ పరీక్షకు రెండు వారాల ముందు ఆమ్లం మాత్ర ఆపాలి, లేకపోతే ఉన్నదాన్ని లేదంటుంది. మధ్యలో మలం తారులా నల్లగా వస్తే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి.

గ్యాస్ట్రిన్ పరీక్షకు ఒక చోటు ఉంది. పుండ్లు ఒకటికి నాలుగు ఉండి, మందులకు లొంగక, విరేచనాలు కూడా ఉంటే, గ్యాస్ట్రిన్ వదిలే అరుదైన గడ్డ ఉందేమో చూస్తారు. మా బంధువు ఒకాయన ఎవరో చెప్పారని, రోజూ ఆమ్లం మాత్ర వేసుకుంటూనే ఈ పరీక్ష చేయించుకున్నాడు. ఆ మాత్రే గ్యాస్ట్రిన్‌ను పెంచుతుంది. రిపోర్టులో అంకె చూసి ఇంటిల్లిపాదీ వారం రోజులు అన్నం మానేశారు. మాత్ర విషయం ల్యాబ్‌లో ఎవరూ అడగలేదు, ఈయనా చెప్పలేదు.

ప్రశ్న: హెచ్. పైలోరి కోర్సు వాడాక మా నాన్నగారు నాలుగు కిలోలు పెరిగారు. ఇది ఆకలి హార్మోన్ పనేనా?
– ఒక పాఠకుడు, సిద్దిపేట

జవాబు: గ్రెలిన్‌ను 1999లో జపాన్ వాళ్లు ఎలుక కడుపులోంచే బయటికి తీశారు కాబట్టి మీ అనుమానం సబబే. కానీ కోర్సు తర్వాత గ్రెలిన్ కొందరిలో పెరిగింది, కొందరిలో పెరగలేదు. దాని మీద నేను పందెం కాయను. మీ నాన్నగారు ఎన్నేళ్లుగా మంటకు భయపడి పెరుగన్నంతో సరిపెట్టుకున్నారో, ఇప్పుడు కంచంలో ఏమేం వేయించుకుంటున్నారో ఒకసారి మీ అమ్మగారిని అడగండి.