52,000 అప్పు చేసే ముందు ఇన్వర్టర్ మీద చెయ్యి పెట్టి చూడండి

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం దగ్గర పల్లె. నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట. కాయ మీదున్నప్పుడు అమ్మానాన్న తోటలోని షెడ్డులోనే పడుకుంటారు. మోటారుకు కరెంటు పగలు తొమ్మిది గంటలే, రాత్రికి ఉండదు. అందుకని మూడేళ్ల కింద 165 వాట్ల ప్యానెళ్లు రెండు, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ, 900 వీఏ ఇన్వర్టర్ పెట్టించాం. సీలింగ్ ఫ్యాన్, రెండు బల్బులు, వైఫై రౌటర్, రెండు కెమెరాలు, మూడు ఫోన్లు, ఇంతే వాడకం. ఈమధ్య రాత్రి రెండు దాటితే ఇన్వర్టర్ కూత పెడుతోంది, ఫ్యాన్ ఆగిపోతోంది. అంగడాయన ఇంకో బ్యాటరీ, ఇంకో రెండు ప్యానెళ్లు, 24 వోల్టుల ఇన్వర్టర్ కలిపి 52,000 అన్నాడు. ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి అప్పు పుడుతుంది. మా ఎలక్ట్రీషియనేమో "రౌటర్, కెమెరాలు 12 వోల్టులవే కదా, నేరుగా బ్యాటరీకి కలిపేద్దాం" అంటున్నాడు. కాలిపోతాయేమోనని భయం. దుడ్లు దేనికి పెట్టమంటారు? సబ్సిడీ ఏమన్నా వస్తుందా?

జవాబు: ఈ రాత్రి అన్నాలయ్యాక ఫ్యాను, బల్బులు, అడాప్టర్లు అన్నీ తీసేసి ఇన్వర్టర్ ఒక్కటే ఆన్‌లో ఉంచండి. గంట తర్వాత దాని డబ్బా మీద చెయ్యి ఆనించండి. వెచ్చగా తగులుతుంది. ఏ పనీ చేయకుండా పుట్టిన ఆ వేడి మీ బ్యాటరీలోంచి పోయిందే. మీది లాంటి చిన్న ఇన్వర్టర్లు ఊరికే ఆన్‌లో ఉన్నందుకే 10 నుంచి 20 వాట్లు తింటాయి. సాయంత్రం అయిదు నుంచి పొద్దున ఏడు దాకా 14 గంటలు. సగటున 15 వాట్లు వేసుకున్నా 210 వాట్-అవర్లు. మీ రౌటరూ రెండు కెమెరాలూ కలిసి రాత్రంతా తినేది దాదాపు అంతే.

మీ ఎలక్ట్రీషియన్ చెప్పిన మాటలో పస ఉంది. బ్యాటరీలో ఉన్నది 12 వోల్టుల డీసీ. ఇన్వర్టర్ దాన్ని ఇళ్లలో వచ్చే 230 వోల్టుల ఏసీ కరెంటుగా చేస్తుంది. రౌటర్ అడాప్టర్ ఆ 230ని పట్టుకుని మళ్లీ 12 డీసీ చేస్తుంది. కళ్యాణదుర్గంలోనే పని ఉన్నవాడు అనంతపురం దాకా పోయి తిరిగొచ్చినట్టు. రెండు బస్సు చార్జీలూ కట్టేది బ్యాటరీ.

ఇక లెక్క. మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు, ఎనిమిది గంటలకు 600 వాట్-అవర్లు. రౌటర్, కెమెరాలు, బల్బులు, ఫోన్లు కలిపి 330. ఇన్వర్టర్ ఊరికే తినేది 210. ఏసీగా మార్చేటప్పుడు పోయేది మరో 90. మొత్తం 1,230. మీ బ్యాటరీ 12 వోల్టులు, 150 ఏహెచ్ (యాంప్-అవర్లు), రెండూ గుణిస్తే కొత్తగా ఉన్నప్పుడు 1,800 వాట్-అవర్లు. మీది లాంటి లెడ్ యాసిడ్ బ్యాటరీని రోజూ సగానికి మించి దించితే దాని ఆయుష్షు తగ్గిపోతుంది కాబట్టి నికరంగా వాడుకోవాల్సింది 900. మూడేళ్ల బ్యాటరీలో అదీ ఉండదు. రెండింటికి కూత పెట్టక ఏం చేస్తుంది?

ఇవే పనులు డీసీ మీద చేయించి చూడండి. 12 వోల్టుల డీసీ ఫ్యాన్ 28 వాట్లకే తిరుగుతుంది, ఎనిమిది గంటలకు 225. మిగతావన్నీ అడాప్టర్ల నష్టం పోగా 280. వోల్టులను సరిచేసే కన్వర్టర్లో (దాని సంగతి కింద చెబుతాను) పోయేదీ కలుపుకుంటే 550. అంటే 1,230 ఖర్చు 550కి దిగింది. రెండో బ్యాటరీ కొని మీరు సంపాదించాలనుకున్న సామర్థ్యం ఇప్పటికే షెడ్డులో ఉంది, వృథాగా పోతోంది అంతే.

ఇందులో డబ్బు సంగతి చాలామంది పట్టించుకోరు. ఎండ ఉచితమే, బ్యాటరీ ఉచితం కాదు. 15,000 పెట్టి కొన్న బ్యాటరీ రోజుకు 0.9 యూనిట్ (యూనిట్ అంటే 1,000 వాట్-అవర్లు) చొప్పున 1,200 రాత్రులు ఇస్తుందనుకుందాం. మొత్తం 1,080 యూనిట్లు. ఒక్కో యూనిట్‌కు పడింది దాదాపు 14 రూపాయలు, ప్యానెళ్ల ఖర్చు కలపకుండానే. ఊళ్లో మీ ఇంటి మీటరుకు మొదటి 30 యూనిట్లు 1 రూపాయి 90 పైసల చొప్పునే పడతాయి. ఫోన్లు ఊళ్లో ఇంటి దగ్గర చార్జ్ చేసుకుని తోటకు పొమ్మని నాన్నగారికి చెప్పండి. పిసినారితనంగా కనిపిస్తుంది గానీ 14 రూపాయల సరుకు రెండు రూపాయలకు దొరికేచోట ఎవరైనా అక్కడే కొంటారు.

రాత్రికి 680 వాట్-అవర్లు మిగిలితే, 14 రూపాయల లెక్కన రోజుకు తొమ్మిదిన్నర, ఏడాదికి 3,400 పైచిలుకు. ఈ డబ్బు చేతికి కనిపించదు, బ్యాటరీ ఇంకొన్నాళ్లు బతకడంలో కనిపిస్తుంది. అటువైపు 52,000కి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 1,040, ఏడాదికి 12,480, అసలు అలాగే ఉంటుంది. మీ ఆదాయం చీనీ కాయ మార్కెట్ యార్డుకు పోయినప్పుడు వచ్చేది, అదీ ఆ రోజు టన్ను ధర ఎంతుంటే అంత. నెలనెలా వడ్డీ కట్టే అప్పు అలాంటి ఆదాయానికి పొసగదు. అందులోనూ రోజురోజుకూ అరిగిపోయే బ్యాటరీ కోసం.

అంగడాయన ప్లానులో ఇంకో మెలిక ఉంది. 24 వోల్టులకు రెండు బ్యాటరీలు వరసగా కలపాలి. మూడేళ్ల పాతదాని పక్కన కొత్తది కట్టడమంటే ముసలెద్దుకు కోడెదూడను జత కట్టినట్టే. నీరసంగా ఉన్నది ముందు దిగిపోతుంది, కొత్తదీ దానితో పాటు పాడవుతుంది. ఆర్నెల్లలో "పాతది కూడా మార్చాలి సార్" అంటాడు. అప్పుడు ఇంకో 15,000.

ఇప్పుడు నేరుగా కలపడం గురించి. ఇక్కడ మీ ఎలక్ట్రీషియన్‌ను కాస్త ఆపాలి. నేనూ ఒకప్పుడు ఈ తెలివి చూపించినవాణ్నే. కడపలో మా మామగారి మేడ మీద రౌటర్ వైరు కోసి తిన్నగా బ్యాటరీకి తగిలించాను. రాత్రంతా బ్రహ్మాండంగా పనిచేసింది. మర్నాడు పదకొండింటికి ఎండ ముదిరింది, రౌటర్ ఆరిపోయింది. విప్పి చూస్తే లోపల కెపాసిటర్ నెత్తి బూరెలా ఉబ్బి ఉంది. 12 వోల్టుల బ్యాటరీ అన్నది పేరుకే. నిండుగా ఉండి ఊరికే ఉన్నప్పుడు 12.7, చార్జింగ్‌లో 14.4 దాకా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ, తెల్లవారుజామున 11.5. కొన్ని రౌటర్లు ఈ హెచ్చుతగ్గులు తట్టుకుంటాయి, కొన్ని తట్టుకోవు. 900 రూపాయల కన్వర్టర్ మిగుల్చుకోబోయి 2,200 రౌటర్ పోగొట్టుకున్నాను. ఆర్థిక సలహాలు చెప్పేవాడి ఇంట్లో ఇదీ జరిగింది.

కాబట్టి రౌటర్‌కూ కెమెరాలకూ మధ్యలో బక్-బూస్ట్ కన్వర్టర్ పెట్టించండి. బ్యాటరీ 14కు ఎక్కినా 11కు దిగినా అది సరిగ్గా 12 ఇస్తుంది. అంగట్లో ఇదే ధరకు ఉత్త బక్ కన్వర్టర్ చేతిలో పెడతారు. అది తగ్గించగలదే గానీ పెంచలేదు, తెల్లవారుజామున చేతులెత్తేస్తుంది. అడాప్టర్ వెనక "ఔట్‌పుట్ 12 వోల్టులు, 1 యాంప్" అని ఉందో లేదో చూడండి. కొన్ని రౌటర్లు 9 వోల్టులవి, కొన్ని 5 వోల్టులవి. పిన్ను బొమ్మలో ప్లస్ మధ్యలో ఉందా బయట ఉందా అన్నది కూడా అక్కడే ఉంటుంది. అది తిరగబడితే ఏ కన్వర్టరూ కాపాడదు.

ఫ్యాన్ కొనేటప్పుడు "బీఎల్‌డీసీ" అన్న మాటలో డీసీ చూసి మోసపోకండి. 28 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు చాలా వరకు 230 వోల్టుల ఏసీతో నడిచేవే. "12 వోల్టుల సోలార్ డీసీ ఫ్యాన్" అని గట్టిగా అడగాలి. బల్బులదీ అదే సంగతి. ఫోన్లకు కార్లలో పెట్టే చార్జర్ సాకెట్ చాలు, అవి చేసిందే బ్యాటరీ మీద నడవడానికి.

వైరు దగ్గర కక్కుర్తి పడొద్దు. ఇంటికి వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు పది మీటర్లు లాగి 5 యాంపులు పంపితే, పోనూ రానూ కలిపి 1.2 వోల్టులు దారిలోనే పోతాయి. 230లో అది లెక్కలోకి రాదు, 12లో పదో వంతు. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తే అర వోల్టు లోపే పోతుంది. బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌కు జానెడు దూరంలో 15 యాంపుల ఫ్యూజు తప్పనిసరి. బ్యాటరీ షార్ట్ అయితే వందల యాంపులు ఒక్కసారి వస్తాయి, ఎలుక కొరికిన వైరు ఎర్రగా కాలి షెడ్డు కప్పు అంటుకుంటుంది. 12 వోల్టులేగా, షాక్ కొట్టదు కదా అని ఫ్యూజు మానేస్తారు. షాక్ కొట్టకపోవడం నిజమే, నిప్పు పుట్టకపోవడం మాత్రం నిజం కాదు. ఇంట్లో ఉండే త్రీపిన్ సాకెట్లు ఈ లైనుకు వాడొద్దు, ఎవరో ఒకరు తప్పు ప్లగ్ పెడతారు.

వీలుంటే ఈ లైను బ్యాటరీ టెర్మినళ్ల నుంచి కాకుండా, ప్యానెళ్ల నుంచి బ్యాటరీకి చార్జింగ్‌ను అదుపు చేసే చార్జ్ కంట్రోలర్ మీద బల్బు బొమ్మ ఉన్న లోడ్ టెర్మినళ్ల నుంచి తీయించండి. మీ వాడకం మొత్తం కలిపి 5 యాంపుల దగ్గరే. బ్యాటరీ మరీ దిగితే కంట్రోలరే కట్ చేస్తుంది. ఎక్కడ కట్ కావాలో పెట్టుకునే వీలుంటే 11.8 పెట్టండి. ఇన్వర్టర్‌ను అమ్మేయకండి. మిక్సీ వేసుకోవాల్సి వచ్చినప్పుడు ఆన్ చేసి, అయ్యాక ఆపేస్తే సరి.

ఖర్చు ఇలా వేసుకోండి. ఫ్యాన్ 3,000, వైరు 1,600, కన్వర్టర్ 900, బల్బులు, చార్జర్ సాకెట్లు, ఫ్యూజు కలిపి 1,200, కూలి 1,000. మొత్తం 7,700, వెయ్యి అటూ ఇటూ. ఇవి నా అంచనాలు, అనంతపురంలో రెండు మూడు అంగళ్లు తిరిగి అడగండి. అప్పు అక్కర్లేని మొత్తమిది. ఒక్కసారే పెట్టలేకపోతే ముందు ఫ్యాన్, దాని వైరు, ఫ్యూజు. మిగిలేదాంట్లో సగం పైన ఫ్యాన్ నుంచే వస్తుంది. కాయ అమ్మిన ప్రతిసారీ 2,500 పక్కన వేసి బ్యాంకులో డిపాజిట్ చేయండి. బ్యాటరీ నిజంగా పోయే రోజుకు ఎవరి ముందూ చెయ్యి చాపక్కర్లేదు.

మున్ముందు 24 వోల్టులకు మారాల్సి వచ్చినా, రెండింట్లో ఒక బ్యాటరీ నుంచి 12 తీసుకోనివ్వకండి. ఒకటి ఎండిపోతుంది, రెండోది ఉడికిపోతుంది. 24 నుంచి 12కు దించే కన్వర్టరే వాడాలి. అప్పుడు కొటేషన్లో జీఎస్టీ కూడా చూసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ ప్యానెళ్ల మీద 12 నుంచి 5 శాతానికి, లెడ్ యాసిడ్ బ్యాటరీల మీద 28 నుంచి 18 శాతానికి తగ్గింది.

సబ్సిడీ సంగతి: ఇళ్ల మీద సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు ఇచ్చే 78,000 గ్రిడ్‌కు కలిపిన ఇళ్ల కప్పులకే. తోట షెడ్డులో బ్యాటరీ మీద నడిచేదానికి రాదు. ఇప్పిస్తానని ఎవరైనా అడ్వాన్సు అడిగితే ఇవ్వొద్దు.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు బ్యాటరీ వారంటీ కార్డు వెతకండి. దాని మీద 36+24 అని ఉంటే మొదటి 36 నెలల్లో పాడైతే ఉచితంగా మార్చాలి, ఆ తర్వాత 24 నెలలు ధరలో కొంత తగ్గించాలి. మీరు మూడేళ్ల కింద అన్నారు. అది 35వ నెలా, 37వ నెలా అన్నదాని మీద కొన్ని వేలు ఆధారపడి ఉన్నాయి, రేపే బిల్లు తీసి తేదీ చూడండి.