డాక్టర్ సలహా: రూమ్మేట్ దగ్గరున్న నిద్రమాత్ర వేసుకుంటూ చదివింది గుర్తుండాలంటే ఎలా?

ప్రశ్న: నా వయసు 23. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉంటూ గ్రూప్-2కి ప్రిపేర్ అవుతున్నాను. డిగ్రీలో సైకాలజీ ఒక సబ్జెక్టు కావడంతో జ్ఞాపకశక్తి మీద వచ్చే పరిశోధనలంటే ఆసక్తి. గూగుల్ వాడకం వల్ల మతిమరుపు వస్తుందని, పరీక్షకు ముందు పది నిమిషాలు మన భయాలను కాగితం మీద రాస్తే మార్కులు పెరుగుతాయని చదివాను. ఆన్‌లైన్ టెస్టు చేస్తే నేను ‘విజువల్ లెర్నర్’ (బొమ్మలు చూసి బాగా నేర్చుకునే రకం) అని వచ్చింది. వీటిలో ఏవి నమ్మాలి? విద్యార్థులకు ఉచితంగా దొరికే మంచి వనరులు చెప్పండి. ఈ మధ్య చదివింది మర్నాటికి గుర్తుండటం లేదు. మూడు నెలలుగా నిద్ర సరిగా పట్టక రూమ్మేట్ దగ్గరున్న ఆల్ప్రజోలం 0.5 మాత్ర రాత్రిళ్ళు సగం వేసుకుంటున్నాను. ఇప్పుడు ఒక్కోసారి పూర్తి మాత్ర. పగలు మత్తు పోవడానికి కాఫీ, ఎనర్జీ డ్రింక్. ఇంట్లో చెప్పలేదు. ఇంకే సమస్యా లేదు.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఉత్తరమంతా పరిశోధనల గురించి రాసి అసలు విషయాన్ని చివర్లో పెట్టారు. పైగా ‘ఇంకే సమస్యా లేదు’ అన్నారు. నేను ఆ చివరి నుంచే మొదలుపెడతాను. పరిశోధనలు ఎక్కడికీ పోవు.

ఆల్ప్రజోలం బెంజోడయాజెపీన్ అనే కుటుంబానికి చెందిన మందు. తీవ్రమైన ఆందోళనకు, పానిక్ ఎటాక్‌లకు కొద్దికాలం కోసం రాస్తాం. అవసరమున్న చోట మంచి మందే, నేనూ రాస్తుంటాను. అయితే ఈ కుటుంబానికి ఒక గుణం ఉంది. మందు పనిచేస్తున్నంతసేపు కొత్త విషయాలు మెదడులో సరిగా నమోదు కావు. పాతవి పోవు, కొత్తవే నిలవవు. ఆపరేషన్‌కు ముందు ఇదే కుటుంబంలోని మిడజోలం ఇస్తారు కదా, అక్కడ ఈ గుణమే పనికొస్తుంది. థియేటర్లో జరిగింది రోగికి గుర్తుండదు. పాలిటీ, ఎకానమీ గుర్తుపెట్టుకోవాల్సిన మీకు మాత్రం అదే నష్టం.

రాత్రి వేసుకుంటే పొద్దునకు దిగిపోతుందిలే అనుకుంటున్నారేమో. ఒంట్లో ఈ మందు సగానికి తగ్గడానికే సుమారు 11 గంటలు పడుతుంది. రాత్రి 12కి వేసుకుంటే, ఉదయం పదింటికి క్లాసులో కూర్చున్నప్పుడు ఇంకా సగానికి పైగా ఒంట్లోనే ఉంటుంది. ఆ మత్తు మీద కాఫీ పోస్తున్నారు. ఇంకొక సంగతి, ఈ మాత్రలు నిద్ర పట్టిస్తాయి కానీ నిద్రలోని గాఢమైన దశను తగ్గిస్తాయి. పగలు చదివింది స్థిరపడటానికి సాయపడే దశల్లో అదొకటి. మీ మతిమరుపుకు గూగుల్‌ను అనుమానించే ముందు తలగడ కింద స్ట్రిప్‌ను చూడండి. మందు ఒక్కటే కారణమని చూడకుండా చెప్పలేను, కానీ నా మొదటి అనుమానం దాని మీదే.

సగం మాత్ర పూర్తి మాత్ర అయిందన్నారు. దీన్నే మేం గమనిస్తాం. మెదడు మందుకు అలవాటు పడి, అదే నిద్రకు ఎక్కువ డోసు అడుగుతోందన్నమాట. ఒకటి ఒకటిన్నర కావడానికి ఎక్కువ కాలం పట్టదు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. ఇది చదివి భయపడి ఈ రాత్రి నుంచే మాత్ర పూర్తిగా ఆపేయకండి. రోజూ వాడుతున్న ఆల్ప్రజోలంను ఒక్కసారిగా మానేస్తే నిద్ర ఇంకా చెడుతుంది. గుండెదడ, వణుకు, చెప్పలేనంత ఆందోళన రావచ్చు. కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. తెలంగాణలో ఉన్నవారికి దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. కల్తీ కల్లులో కలిపే మందుల్లో ఇదొకటి. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు హఠాత్తుగా మూతపడినప్పుడు, అలవాటు పడినవాళ్ళు ఫిట్స్‌తో, వింత ప్రవర్తనతో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి వరుసకట్టారు. మీ డోసు అంత ఉండకపోవచ్చు. అయినా ఎంత తగ్గించాలి, ఎన్ని వారాల్లో తగ్గించాలి అన్నది మిమ్మల్ని పరీక్షించిన డాక్టరే నిర్ణయించాలి. అందుకే ఇక్కడ డోసు రాయడం లేదు. డాక్టర్‌ను కలిసేదాకా పెంచకండి. మద్యంతో కలిపి వేసుకోకండి. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందులు తోడైతే ఊపిరి మందగించి ప్రాణం మీదికి వస్తుంది. ఆ మత్తులో బండి నడపకండి.

కాస్త కోప్పడతాను, ఏమనుకోకండి. ఆల్ప్రజోలం షెడ్యూల్ హెచ్1 మందు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. చీటీ చూసి అమ్మినప్పుడు కూడా డాక్టర్ పేరు, రోగి పేరు, ఎన్ని మాత్రలు ఇచ్చారో ప్రత్యేక రిజిస్టర్‌లో రాసి మూడేళ్ళు భద్రపరచాలి. ఇంత కట్టుదిట్టం ఎందుకు పెట్టారో సైకాలజీ చదివిన మీరు ఆలోచించలేదా? ఒకరికి రాసిన మాత్ర హాస్టల్ గదిలో నలుగురికి పంచుకోవడం ఓపీలో నేను తరచూ వింటున్న కథ. ఇచ్చేవాళ్ళు స్నేహంతోనే ఇస్తారు. పరీక్షల ముందు గుండెదడకని ప్రొప్రనొలాల్ పంచుకోవడం కూడా ఇలాంటిదే. ఆస్తమా ఉన్నవాళ్ళు అది వేసుకుంటే ఊపిరాడక ఎమర్జెన్సీకి వెళ్ళాల్సి రావచ్చు. నిద్ర రాకుండా చదవడానికి మొడాఫినిల్ వేసుకునేవాళ్ళు ఇంకో రకం. ఆ మందు ఉన్నది నార్కొలెప్సీ లాంటి నిద్ర జబ్బులకు, గ్రూప్స్ సిలబస్‌కు కాదు.

ఇక అసలు నిద్ర ఎందుకు పట్టడం లేదు? వారానికి మూడు రాత్రులైనా, మూడు నెలలపాటు నిద్ర సరిగా లేక పగటి పనులు దెబ్బతింటుంటే దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమిగా లెక్కిస్తాం. మీరు ఆ గీత దగ్గరికి వచ్చేశారు. పరీక్షల టెన్షన్ కావచ్చు. డిప్రెషన్ కావచ్చు. థైరాయిడ్, రక్తహీనత, శాకాహారులైతే బీ12 లోపం కూడా చూడాల్సిందే. హాస్టల్ భోజనం సంగతి నాకు తెలుసు. ఒక్క రక్తపరీక్షతో తేలే విషయానికి నెలల తరబడి మాత్రలు మింగుతున్నవాళ్ళను చూస్తుంటాను.

మనసు సంగతికి పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం ఉంది. ఉచితమే, తెలుగులోనూ దొరుకుతుంది. గడిచిన రెండు వారాలు ఎలా ఉన్నాయో అడుగుతుంది. మొత్తం 27కు 10 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే డాక్టర్‌ను కలవాలి. అది రోగనిర్ధారణ కాదు, వెళ్ళాలో వద్దో చెప్పేది మాత్రమే. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలనే ఆలోచనల గురించి. దానికి సున్నా కాకుండా ఏ జవాబు వచ్చినా మొత్తం ఎంతైందో లెక్కపెట్టుకుంటూ కూర్చోకండి. ఆ రోజే ఎవరితోనైనా మాట్లాడండి. టెలిమానస్ నంబర్ 14416. 2022 అక్టోబర్ నుంచి కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న ఉచిత మానసిక ఆరోగ్య సేవ ఇది, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఉత్తరంలో అలాంటి మాటేదీ లేదు. అయినా నిద్రలేమి, ఇంట్లో చెప్పకపోవడం, చేతికందే దూరంలో మాత్రలు, ఈ మూడూ ఒకేచోట కనిపిస్తే అడగకుండా వదలను.

దీర్ఘకాలిక నిద్రలేమికి మొదటి చికిత్స మాత్ర కాదు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే సీబీటీ-ఐ అనే ప్రవర్తనా చికిత్సను మొదట వాడమని చెప్పింది. చికిత్సకుల దగ్గర చేస్తే మేలు. ఈలోగా మీరు మొదలుపెట్టగలిగినవి రెండు. ఎప్పుడు పడుకున్నా సరే రోజూ ఒకే సమయానికి లేవండి. మంచం మీద చదవకండి. హాస్టల్లో మంచమే టేబుల్, మంచమే డైనింగ్ హాల్ అని నాకు తెలుసు. కానీ మంచం చూడగానే మెదడుకు సిలబస్ గుర్తొస్తే నిద్ర ఎలా వస్తుంది? పక్కనే చిక్కడపల్లి లైబ్రరీ ఉంది, చదువు అక్కడ. కాఫీ, ఎనర్జీ డ్రింక్ మధ్యాహ్నం తర్వాత వద్దు. పడుకోవడానికి ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ తీసుకున్నా గంటకు పైగా నిద్ర తగ్గిందని 2013 నాటి ఒక అధ్యయనంలో తేలింది. వాటిని కూడా మెల్లగా తగ్గించండి, లేకపోతే తలనొప్పితో మళ్ళీ మందుల షాపుకే వెళ్తారు.

నిద్ర తగ్గించి చదివే గంటలు పెంచుదామనుకునేవారికి ఒక్క పరిశోధన చాలు. 2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో కొందరిని 14 రోజులు రోజుకు ఆరు గంటలే పడుకోనిచ్చారు. చివరికి వాళ్ళ ఏకాగ్రత ఒకటి రెండు రాత్రులు అసలు పడుకోనివాళ్ళ స్థాయికి పడిపోయింది. తమాషా ఏమిటంటే, అంత తగ్గిందని వాళ్ళకు తెలియలేదు. ‘నాకు ఆరు గంటలు సరిపోతుంది డాక్టర్’ అని ఎవరైనా అన్నప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

మీ ప్రశ్నకు వస్తాను. కొత్త పరిశోధన అంటే మెరుగైనదని కాదు. ఒక్క అధ్యయనం, అదీ నిన్న మొన్న వచ్చింది, వార్తల్లో ఎంత మెరిసినా నేను పెద్దగా పట్టించుకోను. వేరేవాళ్ళు మళ్ళీ చేస్తే అదే ఫలితం వచ్చిందా అని చూస్తాను. 2015లో వంద సైకాలజీ అధ్యయనాలను తిరిగి చేసి చూస్తే, స్పష్టమైన ఫలితం మళ్ళీ వచ్చింది దాదాపు మూడో వంతుకే. 2018లో నేచర్, సైన్స్ పత్రికల్లో వచ్చిన 21 అధ్యయనాలను మళ్ళీ చేశారు, 13 నిలబడ్డాయి. మీరు అడిగిన రెండూ, అంటే గూగుల్ జ్ఞాపకశక్తి సంగతి, పరీక్ష ముందు భయాలు రాయడం సంగతి, ఆ 21లో ఉన్నాయి. రెండూ నిలబడలేదు. భయాలు కాగితం మీద రాస్తే మీకు హాయిగా ఉంటే రాసుకోండి, నష్టమేమీ లేదు. మార్కులు మాత్రం ఆశించకండి.

ఆ 21లోనే నిలబడినది ఒకటి చెబుతాను. పుస్తకం మూసి గుర్తుతెచ్చుకుని రాయడం, కాన్సెప్ట్ మ్యాప్‌లు (విషయాల మధ్య సంబంధాలు చూపే బొమ్మలు) గీసుకోవడం కంటే మేలని 2011లో చూపించిన అధ్యయనం మళ్ళీ చేసినా నిలబడింది. అంతకుముందు 2006లో రోడిగర్, కార్పికీ చేసిన ప్రయోగం ఇంకా బాగుంటుంది. ఒక జట్టు పాఠాన్ని మళ్ళీ చదివింది, ఇంకో జట్టు చూడకుండా గుర్తున్నది రాసింది. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవాళ్ళే ముందున్నారు. వారం తర్వాత పెడితే మళ్ళీ చదివినవాళ్ళకు 42 శాతం, గుర్తుతెచ్చుకుని రాసినవాళ్ళకు 56 శాతం గుర్తుంది. మళ్ళీ చదివినప్పుడు ‘అంతా వచ్చేసింది’ అనిపించేది ఆ అయిదు నిమిషాల లాభం వల్లే. మీ పరీక్ష అయిదు నిమిషాల్లో లేదుగా. 2013లో డన్‌లోస్కీ బృందం పది చదువు పద్ధతులను బేరీజు వేసి, తమను తాము పరీక్షించుకోవడం, చదువును రోజుల తరబడి విడదీసి చదవడం ఈ రెండిటికే పెద్ద పీట వేసింది. రంగు రంగుల మార్కర్లతో గీతలు గీయడం, ఊరికే మళ్ళీ మళ్ళీ చదవడం అడుగున ఉన్నాయి. విజువల్ లెర్నర్ సంగతికి ఒక్క వాక్యం చాలు: ఎవరి ‘శైలి’కి తగ్గట్టు వాళ్ళకు నేర్పితే బాగా వస్తుందనడానికి సరైన ఆధారం లేదని 2008లోనే ఒక సమీక్ష తేల్చింది.

వనరులు. సైకాలజీ పునాదికి ఎన్‌సీఈఆర్‌టీ 11, 12 తరగతుల పుస్తకాలు వెబ్‌సైట్‌లో ఉచితం, వాటిని చిన్నచూపు చూడకండి. పీజీ స్థాయికి ఈ-పీజీ పాఠశాల, స్వయం అనే ప్రభుత్వ వెబ్‌సైట్లు. పరిశోధన పత్రాలు పూర్తిగా చదవాలంటే పబ్‌మెడ్ సెంట్రల్. చదువు పద్ధతుల మీద లెర్నింగ్ సైంటిస్ట్స్ వాళ్ళ ఉచిత పోస్టర్లు బాగుంటాయి. విడదీసి రివిజన్ చేయడానికి అంకీ యాప్ కంప్యూటర్‌లోనూ ఆండ్రాయిడ్‌లోనూ ఉచితం. ఇవన్నీ ఒకేరోజు డౌన్‌లోడ్ చేసుకుని కూర్చోకండి, అది చదువు కాదు. పరిశోధనలు ముందేసుకోవడం కూడా ఒక్కోసారి డాక్టర్ దగ్గరికి వెళ్ళకుండా వాయిదా వేసే పద్ధతే. మీ విషయంలో అలా కాదనే అనుకుంటాను.

ఈ వారంలోనే వెళ్ళండి. గాంధీ ఆసుపత్రి మీకు దగ్గరే, అక్కడ సైకియాట్రీ ఓపీ ఉంది. ఉస్మానియాలోనూ ఉంది. ఎర్రగడ్డ పేరు వింటే ఇంట్లో కంగారుపడతారనుకుంటే జనరల్ ఫిజీషియన్‌తో మొదలుపెట్టినా సరే. మీ కోచింగ్ సెంటర్‌లో కౌన్సెలర్ ఉన్నారేమో అడగండి. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ళ విద్యార్థిని మృతి కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, వంద మంది లేదా అంతకుమించి విద్యార్థులున్న సంస్థలు, కోచింగ్ సెంటర్లతో సహా, కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలర్‌ను పెట్టుకోవాలి. అడగడానికి మొహమాటం వద్దు.

డాక్టర్ దగ్గర ‘నిద్ర పట్టట్లేదు’ అని మాత్రమే చెప్పి బయటికి రాకండి. ఎన్ని నెలలుగా, ఎన్ని మాత్రలు, రోజుకు ఎన్ని కాఫీలు, ఇంట్లో ఎవరికైనా ఫిట్స్, థైరాయిడ్, డిప్రెషన్ ఉన్నాయా, అన్నీ కాగితం మీద రాసుకెళ్ళండి. ఇది ఉత్తరం చదివి ఇచ్చిన సలహా మాత్రమే, మిమ్మల్ని చూసి చేసే చికిత్సకు బదులు కాదు. తికమక, వణుకు, ఫిట్స్, ఊపిరి బరువెక్కడం వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

ఆ స్ట్రిప్ కూడా తీసుకెళ్ళండి. మీ రూమ్మేట్‌కు ఆ మాత్ర ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో మీరు చెప్పలేదు. పాత చీటీ మీదే కొంటూ ఉంటే ఆయన్ను కూడా వెంటబెట్టుకుని వెళ్ళండి.