2008 సంక్షోభం తర్వాత దేశాలన్నీ కలిసి తెచ్చిన బ్యాంకు నిబంధనల్లో నిజంగా పనికొచ్చింది ఏది?

ఈ ప్రశ్నకు చాలామంది "బాసెల్ 3" అని ఒక్క మాటలో జవాబు చెప్పేస్తారు, అంటే బ్యాంకుల మూలధనం ఎంత ఉండాలో దేశాలన్నీ కలిసి ఒప్పుకున్న నిబంధనలు. మూలధనం పెంచారు, బ్యాంకులు గట్టిపడ్డాయి అంటారు. నా దృష్టిలో మాత్రం అన్నిటికన్నా పనికొచ్చింది ప్రతి కంపెనీకీ గుర్తింపుగా ఇచ్చే 20 అక్షరాల ఒక కోడ్. ఎందుకో చెప్పాలంటే 2008 సెప్టెంబరు 13, 14 తేదీల్లో నేను చూసింది చెప్పాలి.

అప్పటికి నేను ఒక పెద్ద బ్యాంకు రిస్క్ విభాగంలో చేరి రెండేళ్లయింది. శనివారం పొద్దున్నే మా పై అధికారి అందరినీ ఆఫీసుకు పిలిపించారు. అమెరికా పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ అప్పుడు మునిగిపోయేలా ఉంది. ఆయన అడిగింది ఒక్కటే: "లేమన్ బ్రదర్స్ మునిగితే మనకు ఎంత పోతుంది?" మధ్యాహ్నం లోపు చెప్పేయొచ్చు అనుకున్నాం. ఆదివారం రాత్రికి కూడా ధైర్యంగా ఒక అంకె చెప్పలేకపోయాం.

లెక్కలు లేక కాదు. అవి నాలుగు చోట్ల ఉన్నాయి. అప్పులకు ఒక సాఫ్ట్‌వేర్, బాండ్లకు ఒకటి, డెరివేటివ్స్‌కు (వడ్డీ రేట్లు, ధరల మీద ఆధారపడే ఒప్పందాలకు) ఇంకొకటి, కొలాటరల్ (తాకట్టు) లెక్క విడిగా ఎక్సెల్‌లో. ఒకదాంట్లో "లేమన్ బ్రదర్స్ ఇంటర్నేషనల్ యూరప్" అని పూర్తి పేరు ఉంది. ఇంకోదాంట్లో అదే కంపెనీ పొడి అక్షరాల్లో ఉంది. మూడోదాంట్లో ఉత్త "లేమన్, లండన్". కొన్ని స్వాప్‌లు (ఒక రకం డెరివేటివ్ ఒప్పందాలు) "లేమన్ బ్రదర్స్ స్పెషల్ ఫైనాన్సింగ్" పేరు మీద ఉన్నాయి. దానికి మాతృ సంస్థ హామీ ఉందా లేదా అని తేల్చాలంటే బీరువాలోంచి అసలు ఒప్పందం తీసి చదవాలి. ఆ గ్రూపులో దాదాపు 3 వేల కంపెనీలు ఉండేవి. నేనూ ఇంకో సహోద్యోగీ ప్రింటౌట్లు టేబుల్ నిండా పరిచి, వరుస కింద స్కేలు పెట్టుకుని, ఒకే కంపెనీ అనిపించిన పేర్లకు ఒకే రంగు పెన్సిలుతో గీతలు పెడుతూ పోయాం. శనివారం సాయంత్రం ఒక మొత్తం వచ్చింది. ఆదివారం మధ్యాహ్నానికి అది దాదాపు రెట్టింపైంది. రాత్రికి మళ్లీ తగ్గింది, ఎందుకంటే ఒకే ఒప్పందాన్ని రెండు పేర్ల కింద రెండుసార్లు కలిపాం. మా అధికారి మాట్లాడటం మానేసి కిటికీ దగ్గర నిలబడ్డారు. ఆ టెన్షన్ నాకు ఇప్పటికీ గుర్తుంది. సోమవారం, 15న, లేమన్ దివాలా పిటిషన్ వేసింది. మా అంకె ఇంకా తేలలేదు.

మొత్తం ఎంతో తెలిస్తే చాలదా, ఏ కంపెనీ అయితే ఏమిటి అని మీరు అడగొచ్చు. బతికున్నన్నాళ్లూ లేమన్ ఒకే సంస్థ. మునిగిన రోజు నుంచి దేశానికో ముక్క. న్యూయార్క్ మాతృ సంస్థ అమెరికా దివాలా కోర్టుకు వెళ్లింది, లండన్ కంపెనీ ఇంగ్లండ్ చట్టం కిందికి వెళ్లింది. గ్రూపు నగదంతా న్యూయార్క్ నుంచే నడిచేది కాబట్టి సోమవారం పొద్దున లండన్ కంపెనీ చేతిలో డబ్బు లేదు. అయినా ఏళ్ల తర్వాత ఆ లండన్ కంపెనీకి అప్పిచ్చినవాళ్లకు అసలు మొత్తం తిరిగొచ్చింది. మాతృ సంస్థకు ఇచ్చినవాళ్లకు పూర్తిగా రాలేదు. మేం రంగు పెన్సిలుతో గీసిన గీతల మీదే డబ్బు వస్తుందా పోతుందా అనేది ఆధారపడింది.

ఈ పాఠం కొత్తదీ కాదు. 1974 జూన్ 26న జర్మనీలో హెర్‌స్టాట్ బ్యాంకును అక్కడి అధికారులు సాయంత్రం మూసేశారు. దానికి అప్పటి జర్మనీ కరెన్సీ మార్కులు చెల్లించేసి, న్యూయార్క్‌లో రావాల్సిన డాలర్ల కోసం చూస్తున్న బ్యాంకులు అలాగే ఉండిపోయాయి. ఆ దెబ్బతోనే ఆ ఏడాది చివర, వివిధ దేశాల నియంత్రణ సంస్థలు కలిసి బ్యాంకు నిబంధనలు రాసే బాసెల్ కమిటీ పుట్టింది. 34 ఏళ్ల తర్వాత కూడా ఎవరికి ఎవరు బాకీయో వారాంతంలో తేల్చలేని స్థితిలోనే ఉన్నాం.

అందుకే 2012లో జీ20 దేశాలు మొదట్లో చెప్పిన ఆ కోడ్‌కు, అంటే ఎల్‌ఈఐ (లీగల్ ఎంటిటీ ఐడెంటిఫైయర్)కి, ఒప్పుకున్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ప్రపంచంలో ఏ కంపెనీకైనా ఒకే గుర్తింపు, ఏ దేశంలో వాడినా అదే. ఇప్పుడు అలాంటి కోడ్‌లు 20 లక్షలు దాటాయి. యూరప్‌లో 2018 నుంచి ఆ కోడ్ లేని కంపెనీ తరఫున షేర్ల, బాండ్ల లావాదేవీ చేయడానికి వీల్లేదు. దీని గురించి టీవీ చర్చల్లో ఒక్క ముక్క వినపడదు. అక్కడ వినపడేది "బ్యాంకులు ఇంత శాతం డబ్బు పక్కన పెట్టాలి" అనే మాట. మూలధనం అంటే లాకర్లో దాచే డబ్బు కాదండీ! బ్యాంకు ఇచ్చే అప్పుల్లో ఎంత భాగం యజమానుల సొమ్ముతో ఇస్తున్నారన్నదే మూలధనం. నష్టం వస్తే ముందు వాళ్ల సొమ్ము కరగాలి. బాసెల్ 3 ఆ అసలైన వాటా కనీస స్థాయిని 2 శాతం నుంచి 4.5కి పెంచి, పైన ఇంకో 2.5 శాతం కవచంగా చేర్చింది. మంచి పనే, కాదనను.

కానీ కొలతల దగ్గర కుదిరిన ఐక్యత, నష్టం ఎవరు భరించాలనే దగ్గర కుదరలేదు. 2008 అక్టోబరులో ఐస్‌లాండ్ బ్యాంకు లాండ్స్‌బంకీ కూలినప్పుడు, తమ డిపాజిటర్ల కోసం బ్రిటన్ ఉగ్రవాద నిరోధక చట్టాన్ని వాడి దాని ఆస్తులు స్తంభింపజేసింది. రెండూ స్నేహ దేశాలే! 2023 మార్చిలో స్విస్ బ్యాంకు క్రెడిట్ స్విస్‌కు కష్టం వచ్చినప్పుడు కూడా, పెద్ద బ్యాంకు మునిగితే ఏం చేయాలో ఏళ్ల తరబడి దేశాలన్నీ కలిసి రాసుకున్న ప్రణాళికను పక్కనపెట్టి, స్విట్జర్లాండ్ ఒక్క వారాంతంలో దాన్ని 300 కోట్ల ఫ్రాంకులకు మరో స్విస్ బ్యాంకు యూబీఎస్‌కు అప్పగించింది. బాసెల్ కమిటీ తీర్మానాలకు చట్టబలం లేదు. అమెరికా 2018లో మధ్యస్థాయి బ్యాంకులకు నిబంధనలు సడలిస్తే ఎవరూ ఆపలేకపోయారు. ఐదేళ్లకు అలాంటి బ్యాంకుల్లో ఒకటైన సిలికాన్ వ్యాలీ బ్యాంకు కూలింది.

ఇంకో బాధ ఉంది. కోడ్ ఇస్తే సరిపోదు, ప్రతి బ్యాంకూ తన సాఫ్ట్‌వేర్లన్నిటిలో దాన్ని వాడాలి. సంక్షోభ సమయంలో రిస్క్ లెక్కలు వెంటనే చెప్పగలగాలని బాసెల్ కమిటీ 2013 జనవరిలో సూత్రాలు రాసింది, అతిపెద్ద బ్యాంకులకు 2016 జనవరి గడువు పెట్టింది. 2023లో కమిటీ ఇచ్చిన నివేదిక ప్రకారం, పరిశీలించిన 31 బ్యాంకుల్లో వాటిని పూర్తిగా పాటిస్తున్నవి రెండే. రెండు! కొత్త కొత్త నిష్పత్తులకు ఖర్చుపెట్టే ఓపికలో పావు వంతు దీనికి పెట్టి ఉంటే ఈపాటికి అయిపోయేది.

నియంత్రణ సంస్థలను నేను అడిగేది ఇదీ. ముందు చెప్పకుండా ఒక శుక్రవారం సాయంత్రం ప్రపంచంలోని పెద్ద బ్యాంకులన్నిటికీ ఒకే కంపెనీ పేరు పంపండి. "ఇది మునిగితే మీకు ఎంత పోతుంది, ఏ దేశంలో ఎంత?" అని అడగండి. ఆదివారం మధ్యాహ్నం దాకా గడువివ్వండి. చెప్పలేని బ్యాంకుల పేర్లు సోమవారం పొద్దున బయటపెట్టండి.